బాయికీ బావికీ గణం ఒకటే

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు, నా బొటనవేలు దానంతట అదే మిగతా వేళ్ల కణుపుల మీద నడక మొదలుపెడుతుంది. బయట ఏ బోర్డు కనిపించినా, ముందు సీట్లో ఎవరేం మాట్లాడినా దానికి గురువులూ లఘువులూ, అంటే పద్యానికి చూసే బరువు అక్షరాలూ తేలిక అక్షరాలూ, లెక్క చూడాల్సిందే. 'శ్రీ వెంకటేశ్వర కిరాణం' అంటే త గణం, భ గణం, య గణం. నాకు తెలిసిన ఏ వృత్తంలోనూ ఇమడదు. అయినా వేలు ఆగదు.

పెళ్లయిన కొత్తలో మా ఆవిడ ఇది చూసి, "ఏంది, చిట్టీ లెక్కలా?" అని అడిగింది. ఎవరికైనా బాకీ ఉన్నానేమోనని పాపం కొన్నాళ్లు టెన్షన్ పడింది కూడా. ఇప్పుడు పక్క సీటు వాళ్లు వింతగా చూస్తే, "ఆయనకు అలవాటు లెండి" అని తనే సర్దిచెప్తుంది.

ఈ అలవాటు అంటించింది మా తెలుగు సారు. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. హైస్కూలుకు రోజూ నడిచి పోయేవాళ్లం. తొమ్మిదో తరగతిలో, 1980లో అనుకుంటా, సారు ఛందస్సు మొదలుపెట్టారు. ఆయన సైకిల్ హ్యాండిల్‌కు ఎప్పుడూ ఒక గుడ్డ సంచి వేలాడేది. అందులో రెండు చిన్న మూటలు. ఒక దాంట్లో సీతాఫలం గింజలు, ఇంకో దాంట్లో చింతగింజలు. మా దిక్కు గుట్టల్లో సీతాఫలం చెట్లకు కొదవ లేదు, చింతచెట్లకు అసలే లేదు. కాబట్టి ఖర్చు లేని పాఠం.

సీతాఫలం గింజ లఘువు. చింతగింజ గురువు.

బడి వరండాలో షాబాద్ బండల మీద సారు సుద్దతో ఒక పాదం రాసేవారు. మేము ఒక్కో అక్షరం కింద ఒక్కో గింజ పెట్టుకుంటూ పోవాలి. దీర్ఘానికి చింతగింజ. సున్న ఉంటే చింతగింజ. ఒత్తు దగ్గరే అందరం బోల్తా పడేవాళ్లం. ఒత్తున్న అక్షరం కిందనే పెద్ద గింజ పెట్టేవాళ్లం. సారు నవ్వి, "అరే, బస్సెక్కేటప్పుడు ఎనకాల మూటతోని ఒకడు ఎక్కిండనుకో. వాడు నెడితే బరువు ఎవని మీద పడుతది? ముందున్నోని మీద గదా! గట్ల" అన్నారు. ఆ తర్వాత మా క్లాసులో ఎవడూ ఒత్తు దగ్గర తప్పు చేయలేదు. దేవరకొండ బస్సు ఎక్కని పిల్లాడు మాలో లేడు మరి.

యతి గురించి చెప్పిన తీరు కూడా అంతే. ఆటవెలది పద్యంలో నాలుగో గణం మొదటి అక్షరానికి, పాదం మొదటి అక్షరానికి మైత్రి, అంటే ధ్వని పొత్తు, కుదరాలి కదా. సారు దాన్ని మునుంతో పోల్చారు. కలుపుకు పోయిన ఆడవాళ్లు వరసగా మునుం పట్టి పోతూ పోతూ, కొంత దూరం పోయాక ఒకసారి తలెత్తి, మొదలుపెట్టిన గట్టు వైపు తిరిగి చూసుకుంటారు, వరస వంకర పోయిందా అని. అది యతి. నేను మా అమ్మను చేలో అలా తల తిప్పుతుండగా ఎన్నిసార్లు చూశానో. అందుకే ఆ పోలిక నాకు ఇప్పటికీ పోలికలా అనిపించదు.

సారుకు ఒక బలహీనత ఉండేది. కిటికీలోంచి దేవరకొండ ఖిల్లా కనిపిస్తే చాలు, పాఠం పక్కకు పోయేది. మా దిక్కును ఏలిన రేచర్ల పద్మనాయకులు, వాళ్ల రాచకొండ, ఆ వంశపు రాజు సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతంలో రాసిన 'రసార్ణవసుధాకరం', ఇవన్నీ వచ్చేవి. సర్వజ్ఞుడన్న పేరు శివుడికి చెల్లాలి, లేదంటే రావుసింగనికి, అంటే ఆ సింగభూపాలుడికే, చెల్లాలి, ఇంకెవరినైనా అలా పిలిస్తే కుక్కను పట్టుకొని ఏనుగన్నట్టే అని శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటుపద్యం ఒకటుంది. సారు దాన్ని చదివి, "ఎక్కడి నుంచి వచ్చిండు శ్రీనాథుడు? ఎక్కడికి వచ్చిండు? మన గుట్టల్లకు!" అని బల్ల మీద చెయ్యి కొట్టేవారు. గద్వాల, వనపర్తి సంస్థానాలకు తిరుపతి వేంకట కవులు వచ్చి అవధానాలు చేసిన సంగతులు, కవులకు పెద్దపీట వేసినందుకు గద్వాలను విద్వద్గద్వాల అనడం, అన్నీ ఆ ఖిల్లా వంకతోనే విన్నాను. పరీక్షలో ఒక్క మార్కుకూ పనికి రాలేదు.

ఆ ఎండాకాలం మా బాయి ఎండిపోయింది. అన్నా వదినలు పనికి పోయారు. నాయిన రోజూ పొద్దున అలవాటు కొద్దీ బాయి దగ్గరికి పోయి, చేద వేసి, తాడు లాగి చూసేవాడు. ఒకరోజు నేనూ వెంట ఉన్నాను. చేద పైకి వస్తోంది. నాయిన అది కనిపించక ముందే, తాడు పట్టుకున్న చేతితోనే తెలుసుకొని, "తొణుకుతలేదు" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ రాత్రి నేను నా మొదటి పద్యం రాశాను.

బాయి లోన నీరు బండలై మిగిలెను
తోడబోతె చేద తొణక లేదు
వాన లేదు లేదు వాగులో ఇసుకాయె
వలస పాయె అన్న వదిన తోడ

సారు చదవలేదు. ముందు గింజలు పెట్టించారు. రెండో పాదం కింద చింతగింజ, సీతాఫలం గింజ, మళ్లీ చింతగింజ, సీతాఫలం గింజ, ఇంకోసారి అదే జత, తర్వాత 'తొణక' కింద మూడూ చిన్న గింజలే, చివర మళ్లీ ఒక జత. అయిదు సూర్యగణాలు. ఆటవెలది రెండో పాదానికి కావాల్సింది అవే. ఒక్క గింజ కూడా అటూ ఇటూ కాలేదు. సారు అప్పుడు పద్యం చదివారు. రెండోసారి గట్టిగా చదివారు.

"చేద తొణకలేదు అని ఎట్ల తోచింది రా?"

"నాయిన అన్నడు సార్."

"మంచిగున్నది. గీ బాయి, పాయె, బోతె, ఇవి చిన్నయసూరి ఒప్పుకోడు." కాసేపు ఆగి, "నేను ఒప్పుకుంట" అన్నారు.

ఆ మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు. తెలుగు వ్యాకరణం రాసిన చిన్నయసూరి ఎవరో కూడా సరిగ్గా తెలియదు, ఎవరో పెద్ద అధికారి అనుకున్నాను.

తర్వాత నల్లగొండలో పిల్లలకు ఏదో పద్యరచన పోటీ పెట్టారు. సారు తన ఖర్చుతో నన్ను బస్సెక్కించుకొని తీసుకుపోయారు. నా పద్యానికి రెండో బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన మైకు దగ్గరికి వచ్చి, "కుర్రాడు బాగా రాశాడు, కాకపోతే కొన్ని గ్రామ్యాలు దొర్లాయి, వాటిని నేను సవరించాను" అని, నా పద్యం చదివారు. ఆయన నోట్లో బాయి బావి అయింది. తోడబోతె తోడబోవ అయింది. ఇసుకాయె ఇసుకయ్యె అయింది. పాయె అన్న కాస్తా పోయెనన్న అయింది.

విచిత్రం ఏమిటంటే ఎక్కడా గణం చెడలేదు. బాయికి ఒక చింతగింజ, ఒక సీతాఫలం గింజ. బావికీ అంతే. యతి కూడా చెక్కు చెదరలేదు. లెక్క ప్రకారం చూస్తే ఆయన నా పద్యంలోంచి ఒక్క గింజ కూడా తీయలేదు.

ఆ రోజు నాకు బాధ కలిగిందని రాస్తే అబద్ధం అవుతుంది. చెప్పలేనంత సంతోషం కలిగింది. నా పద్యం పుస్తకంలో పద్యంలా వినిపించింది. చప్పట్లు కొట్టారు. ఒక స్టీలు గిన్నె, ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. సారు మాత్రం తిరుగు బస్సులో ఏమీ మాట్లాడలేదు. కొండమల్లేపల్లిలో బస్సు ఆగినప్పుడు మిర్చి బజ్జీలు కొనిపెట్టి, "తిను" అన్నారు.

ఇంటికి వచ్చి అమ్మకు సవరించిన పద్యమే చదివి వినిపించాను. అమ్మకు చదువు రాదు. బతుకమ్మ పండుగకు మా వాడలో మొదటి పాట ఎత్తుకునేది మాత్రం అమ్మే. ఆమె లెక్క అంతా చప్పట్లలోనే. ఒక పాట కొత్తగా ఎవరైనా తెస్తే, ముందు రెండు చరణాలు చప్పట్లు కొడుతూ అని చూసేది. చెయ్యి తడబడితే, "ఈ పాట నడుస్తలేదు" అనేది. నేను బండ మీద గింజలు పరిచి కూర్చుంటే, "గింజలెందుకు బిడ్డా, చేతులు లెవ్వా?" అని నవ్వేది. పద్యం విన్నాక అమ్మ అడిగింది ఒకటే.

"గా బావి ఎవలది?"

"మనదే అమ్మా."

"మన బాయా?"

"ఆ."

"మరి గట్ల అంటివేంది?"

నేను విసుక్కున్నాను. పద్యంలో అలాగే అనాలి, నీకు తెలియదు అన్నాను. అమ్మ సరేలే అన్నట్టు తల ఊపి, స్టీలు గిన్నె తీసుకొని తిప్పి చూసి, పేరు కొట్టించారేమోనని అడుగున వెతికింది. ఆ గిన్నె చాలా ఏళ్లు ఉంది. పచ్చిపులుసుకు సరిగ్గా సరిపోయేది.

ఆ తర్వాతి నా రచనా జీవితం గురించి ఎక్కువ చెప్పను, చెప్పుకోదగింది లేదు. డిగ్రీకి నల్లగొండ వచ్చాక పద్యం మానేసి వచన కవిత్వంలో పడ్డాను. అప్పట్లో కవిత్వం అంటే నెత్తురు, నిప్పు, సముద్రం, ఉదయం. ఈ నాలుగూ నా నోట్‌బుక్కులో ప్రతి పేజీలో ఉన్నాయి. ఒకసారి లెక్కపెడితే సముద్రం పదకొండుసార్లు వచ్చింది. డిండి ప్రాజెక్టు, నాగార్జునసాగర్ తప్ప పెద్ద నీళ్లు చూడని మనిషిని నేను! బాయి మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. బావి కూడా రాలేదు. పత్రికలకు పంపితే తిరుగు టపా కవర్లో భద్రంగా తిరిగి వచ్చేవి. ఒకటి మాత్రం అచ్చయింది, అందులోనూ నా ఇంటిపేరు తప్పుగా పడింది.

ఆ రోజుల్లో నాకు మిగిలిన మంచి జ్ఞాపకం ఒక గంట. నల్లగొండలో ఒక గుడి మండపంలో అష్టావధానం జరిగింది. ఘంటాగణనానికి గంట కొట్టేవాడు రాలేదు. ఎవరో నన్ను లాగి గంట చేతిలో పెట్టారు. పని తేలికే. మధ్యమధ్యలో తోచినప్పుడు కొట్టాలి, అవధాని ఆ లెక్క మనసులో పెట్టుకొని చివర్లో చెప్పాలి. కొట్టినవాడు కూడా లెక్క రాసుకోవాలి, అదొక్కటే నియమం. కాగితం, పెన్సిలు ఇచ్చారు.

నిషిద్ధాక్షరి మొదలైంది. అవధాని ఒక అక్షరం చెప్తారు, తర్వాత ఏ అక్షరం రాబోతోందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని వద్దంటాడు, అవధాని ఇంకో దారి పట్టుకుంటారు. ఎదుటివాడు ఒక్కో తలుపూ వేసుకుంటూ వస్తుంటే, ఈయన ఉన్న ఇంట్లోనే కొత్త తలుపు తెరుచుకుంటూ పోతున్నారు. నేను నోరు తెరుచుకొని చూస్తున్నాను. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన మధ్యలో దూరి, నల్లగొండ బస్టాండ్‌లో పోయిన తన చెప్పుల గురించి అడుగుతుంటే పొట్ట పట్టుకొని నవ్వుతున్నాను. గంట కొడుతూనే ఉన్నాను. రాసుకోవడం ఎప్పుడు మానేశానో తెలియదు.

చివర్లో అవధాని నాలుగు పద్యాలూ ధారణ చేసి, నా వైపు తిరిగి, "ముప్పై ఒకటి" అన్నారు. మండపమంతా నన్నే చూస్తోంది. నా కాగితం మీద పద్నాలుగు గీతలున్నాయి.

"అవును సార్, ముప్పై ఒకటే" అన్నాను. చప్పట్లు మారుమోగాయి. ఆయన సరిగ్గానే చెప్పి ఉంటారు, నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఆ సభలో ఒక్కడికే తెలిసి ఉండాల్సిన నిజం ఆ ఒక్కడికీ తెలియదు. నాకు కవి కావడం కన్నా వినడం బాగా వచ్చని ఆ రోజే అర్థమై ఉండాల్సింది, ఇంకో నాలుగేళ్లు పట్టింది.

వినడం, చదవడం. జిల్లా గ్రంథాలయంలో ఒక మధ్యాహ్నం 'గోలకొండ కవుల సంచిక' చేతికొచ్చింది. ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చొని చదువుకోవాలి. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్న, అని ఎవరో రాస్తే, గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డిగారు వాదానికి దిగకుండా ఊరూరికీ కబురు పెట్టి కవుల పేర్లు, పద్యాలు తెప్పించారు. 1934లో సంచిక అచ్చు వేశారు. 354 మంది కవులు. ఆయనది అప్పటి పాలమూరు జిల్లా, అలంపురం దగ్గరి ఇటికాలపాడు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1922లో, షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు మా నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక తెచ్చారన్న సంగతి కూడా ఆ గ్రంథాలయంలోనే తెలిసింది. నిజాం కాలంలో ఉర్దూ తప్ప ఇంకో భాషకు దిక్కు లేని ఊళ్లో తెలుగు పత్రిక!

ఆ సంచిక పేజీలు తిప్పుతూ మా దిక్కు ఊళ్ల పేర్లు వెతుక్కున్నాను. ఒక్కో ఊరి పేరు కనిపిస్తే చుట్టం కనిపించినట్టు ఉండేది. గర్వంగా అనిపించింది. నాలుగు రోజులు అదే పనిగా పోయి చదివాక మాత్రం ఒక అనుమానం వచ్చింది. ఇంతమంది పండితులు, ఇన్ని ఉత్పలమాలలు, చంపకమాలలు. నా పద్యం వీళ్లలో ఎవరి చేతికి ఇచ్చినా, ఎక్కువమంది నా బాయిని బావి చేసేవాళ్లేనేమో? లేరన్నవాడికి ఉన్నామని చూపించాలంటే వాడు గుర్తుపట్టే బట్టల్లోనే చూపించాలి మరి. అది వాళ్ల తప్పు అననుగాక అనను. అసలు మా జిల్లాలో బాయిని బాయిగానే జనం ముందు పాడినవాళ్లు వేరే తొవ్వలో నడిచారు. సాయుధ పోరాటం రోజుల్లో సుద్దాల హనుమంతుగారు గొల్లసుద్దులు, బుర్రకథలు కట్టి ఊళ్లు తిరిగారు. ఆయన పాట మా నాయినకు తెలుసు, మా అమ్మకు తెలుసు. నాకు డిగ్రీ చదివినా కూడా అది సాహిత్యమని తెలియదు, ఎందుకంటే అది పరీక్షకు రాదు.

1989లో నాకు తపాలా శాఖలో ఉద్యోగం వచ్చింది. పాలమూరు జిల్లాలో, అచ్చంపేట దాటాక ఒక ఊళ్లో సబ్ పోస్టాఫీసు. ఇక్కడ ఒక నేరం ఒప్పుకోవాలి. ఆ ఊళ్లో ఒక పంతులుగారికి 'భారతి' మాసపత్రిక వచ్చేది. చుట్టూ వేసిన చిరునామా కాగితం చిరగకుండా పత్రికను మెల్లగా బయటికి జరిపి, చదివి, మళ్లీ అలాగే దూర్చే విద్య నాకు నెలలోపే పట్టుబడింది. పంతులుగారికి పత్రిక ఒక రోజు ఆలస్యంగా చేరేది. 1991లో భారతి ఆగిపోయినప్పుడు ఆయన వచ్చి, "ఇంకా రాలేదా?" అని అడుగుతుంటే, ఆయన కన్నా నాకే ఎక్కువ దిగులుగా ఉండేది. ఒకరోజు ఆయనే, "నువ్వూ చదివేవాడివి కదూ, పేజీల మధ్య నీ బీడీ వాసన వచ్చేదిలే" అన్నారు. అప్పటి నుంచి ఆయన దగ్గరున్న పాత సంచికలన్నీ దర్జాగా అడిగి తెచ్చుకున్నాను. బీడీ తర్వాత మానేశాను, చదవడం మానలేదు.

కానీ ఆ పోస్టాఫీసులో నేను చదివిన అసలు కవిత్వం మనియార్డరు ఫారాల మీద ఉండేది.

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా మట్టి ఎత్తింది వీళ్లే. గుంపు మేస్త్రీ వెంట బొంబాయి, పుణె, ఇంకా ఎక్కడెక్కడికో పోయేవాళ్లు. అక్కడి నుంచి వంద, రెండు వందలు మనియార్డరు వచ్చేవి. ఫారం కింద నాలుగు మాటలు రాసుకోవడానికి కొంచెం జాగా ఉండేది. డబ్బు ఇచ్చాక ఆ ముక్క చింపి తీసుకున్నవాళ్ల చేతిలో పెట్టేవాళ్లం. పోస్ట్‌మ్యాన్ సెలవులో ఉంటే జనం కిటికీ దగ్గరికే వచ్చేవాళ్లు. వేలిముద్ర వేయించి, సాక్షి సంతకం తీసుకొని, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, ఆ ముక్క చదివి వినిపించడం నా పని.

గుంపులో ఒక్కడికే రాత వస్తుంది. అందుకే ఒకే రోజు పది ఫారాలు వస్తే పదింటి మీదా ఒకటే దస్తూరి. కొంచెం వెనక్కి వాలిన అక్షరాలు, ఒత్తులు పెద్దవి, తలకట్టు ఉన్నా లేనట్టే. జాగా ఉండేది రెండు వేళ్ల వెడల్పు. అందులో పట్టేంతే రాయాలి. కుశలప్రశ్నలకు చోటు లేదు.

"బర్రెను అమ్మకుండ్రి."

"పెద్దపిల్లను బడి మానిపియ్యొద్దు."

"జరం తగ్గింది. పనికి పోతున్న."

నా నోట్‌బుక్కులోని పదకొండు సముద్రాలు గుర్తొచ్చి సిగ్గనిపించేది. ఆ రాసేవాడెవరో తెలియదు. పదిమంది పది మాటలు చెప్తుంటే, ఎవరి మాట వాళ్లదిగా, ఎవరి గొంతు వాళ్లదిగా ఆ రెండు వేళ్ల జాగాలో దించాడు. ఒక్కచోట కూడా తన తెలివి చూపించుకోలేదు. అమ్మకుండ్రి అన్నవాడి దగ్గర అమ్మకుండ్రి, వద్దు అన్నవాడి దగ్గర వద్దు.

తర్వాత చాలా ఏళ్లకు, ఆ పక్కనే తెలకపల్లి దగ్గరి గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాటలు ఊరూరా మోగాయి. 'వల్లంకి తాళం'కు 2021 కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు ఇచ్చినప్పుడు మా ఇంట్లో నేను మిఠాయి తెచ్చాను. ఎందుకో ఆ దస్తూరి గుర్తొచ్చింది. రెండింటికీ సంబంధం లేదని నాకూ తెలుసు. అదే మట్టి, అంతే.

ఒకరోజు ఒక ముసలాయన వచ్చాడు. రుమాలు చుట్టుకొని, చేతిలో కట్టె. కొడుకు రెండు వందలు పంపాడు. వేలిముద్ర అయ్యాక ముక్క చదివాను. ఒకటే వాక్యం ఉంది.

"బాయి పూడ్చ వద్దు నేను వస్త."

"మల్లొకసారి సదువు సారూ."

మళ్లీ చదివాను. ఆయన కిటికీ ఊచలు పట్టుకొని, "నీళ్లు లెవ్వాయె. పూడ్పిస్తె రెండు సాళ్లన్న ఎక్కువ పడుతయని నేనే కబురంపిన" అన్నాడు. నాతో కాదు, ఊచలతో అన్నట్టు. ఇంకోసారి చదవమన్నాడు. మూడోసారి చదువుతున్నప్పుడు బల్ల కింద నా బొటనవేలు కదిలింది. బాయి, పూడ్చ, వద్దు, నేను, వస్త. చింతగింజ, సీతాఫలం గింజ. చింతగింజ, సీతాఫలం గింజ. అయిదు సూర్యగణాలు. ఆటవెలది రెండో పాదం.

"ఇంకేం రాయలేదా?"

"ఇంతే తాతా."

ఆయన ఆ ముక్కను నాలుగు మడతలు పెట్టి రుమాల్లో దోపుకొని, నోట్లను మాత్రం చేతిలోనే పట్టుకొని పోయాడు. తర్వాతి నెలలో నాకు బదిలీ అయింది. బాయి ఉందో, పూడ్చారో, కొడుకు వచ్చాడో తెలియదు.

పద్యం మానేసి పదేళ్లు దాటినా ఆ రాత్రి కాగితం తీసుకున్నాను. ఒక పాదం దొరికింది, మూడు పాదాలు కలిపితే చాలు. కానీ దొరికిన పాదంలోనే యతి లేదు. బా దగ్గర మొదలై, నాలుగో గణానికి వచ్చేసరికి నే ఉంది. మునుం వంకర పోయింది. 'నేను' తీసేసి ఇంకేదో పెట్టాలి. చాలాసేపు కూర్చున్నాను. అర్ధరాత్రి దాటాక మాట దొరికింది. బాపు. 'బాయి పూడ్చ వద్దు బాపు వస్త.' కరెక్టుగా అతికింది. యతి కుదిరింది, గణం చెడలేదు, కొడుకు తండ్రిని పిలిచినట్టు కూడా ఉంది. లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను.

తర్వాత మళ్లీ చదువుకున్నాను. బాపు అనేది కరీంనగర్ దిక్కు. ఇక్కడ నాయిన అంటారు. ఆ పిల్లగాడు పుట్టినప్పటి నుంచి ఆ ముసలాయన్ని బాపు అని ఒక్కసారి కూడా పిలిచి ఉండడు.

కొట్టేసి, పైన మళ్లీ 'నేను' అని రాశాను. మిగతా మూడు పాదాలు ఇప్పటికీ రాలేదు. బస్సెక్కినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను.